మా బాత్రూంలో కప్ప కాపురం పెట్టింది, ఇదేం జాతో చెప్పగలరా?

కృష్ణలంక_కిట్టు | జులై 8, రాత్రి 10:12
అందరికీ నమస్కారం. మాది విజయవాడ, కృష్ణలంక. వారం రోజులుగా మా బాత్రూంలో ఒక కప్ప ఉంటోంది. పగలంతా గీజర్ వెనక గోడకి బల్లిలా అతుక్కుని, కాళ్లు ముడుచుకుని పడుకుంటుంది. రాత్రి ఎనిమిది దాటాక కిందికి దిగి లైటు దగ్గరికొచ్చే పురుగుల్ని తింటుంది. సైజు నా అరచేతిలో సగం ఉంటుందేమో. లేత గోధుమ రంగు, కానీ నిన్న పొద్దున చూస్తే దాదాపు సున్నం రంగులో ఉంది. వేళ్ల చివర గుండ్రంగా చొక్కా గుండీల్లాంటివి ఉన్నాయి. మా ఆవిడ స్నానానికి వెళ్లాలంటే ముందు నన్ను లోపలికి పంపి "ఎక్కడుందో చూసి చెప్పండి" అంటోంది. మూడుసార్లు చేటలో పట్టి సందు చివర వదిలేసొచ్చా, మూడుసార్లూ తెల్లారేసరికి గీజర్ వెనకే ఉంది. అది అదేనా, దాని చెల్లెలా అన్నది నాకు తెలీదు. విషం ఏమైనా ఉంటుందా? పిల్లలున్న ఇల్లు.

గుంటూరు_ఘాటు | జులై 8, రాత్రి 10:20
వారం దాటిందంటే అద్దె అడగొచ్చు అన్నా.

పటమట_పద్మ | జులై 8, రాత్రి 10:41
చేత్తో మాత్రం పట్టుకోకండి. కప్ప ఉచ్చ పోస్తే పులిపిర్లు వస్తాయని మా నాయనమ్మ చెప్పేది. నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, పులిపిరి ఎందుకొస్తుందో చదువుకున్నాను, అయినా కప్పని చూడగానే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది.

జువాలజీ_మాష్టారు | జులై 9, ఉదయం 5:50
కిట్టు గారూ, అది చెట్టుకప్ప. పాలీపెడేటస్ మాక్యులేటస్ అంటారు. మన కోస్తాలో బాత్రూముల్లో, వాటర్ ట్యాంకుల మీద, అరటి ఆకుల మడతల్లో కనిపించేది చాలావరకు ఇదే. ఆ గుండీలే దాని నిచ్చెన, వాటితోనే టైల్స్ మీద కూడా జారకుండా ఎక్కుతుంది. కూర్చున్న చోటును బట్టి రంగు ముదురుతుంది, వెలుస్తుంది. మనిషికి దానివల్ల ప్రమాదమేమీ లేదు. పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి, కప్ప వల్ల కాదు.

జాగ్రత్త పడాల్సింది గోదురు కప్పతో. నేల మీద బద్ధకంగా గెంతుతూ, ఒళ్లంతా గరుకుగా ఉంటుందే, అది. దాని కళ్ల వెనక ఉబ్బెత్తుగా రెండు గ్రంథులుంటాయి. కుక్క నోట కరిస్తే వాటిలోంచి పాలలాంటి విషం వస్తుంది, కుక్క నురగలు కక్కుకుంటుంది. పిల్లలు దాన్ని ముట్టుకుంటే చేతులు కడిగిస్తే చాలు.

ఇక తిరిగి రావడం అంటారా, చాలా కప్పలకి తమ చోటు వెతుక్కుంటూ వచ్చే అలవాటుంది. సందు చివర దానికొక లెక్క కాదు. ఒక పని చేయండి. ఈ రాత్రి అది పురుగును మింగేటప్పుడు కళ్లు చూడండి.

కృష్ణలంక_కిట్టు | జులై 9, రాత్రి 9:33
మాష్టారూ చూశాను!! బొద్దింక పిల్లని పట్టింది, సగం మీసాలు ఇంకా నోటి బయటే ఉన్నాయి. అప్పుడు రెండు కళ్లూ ఒక్కసారిగా తలలోకి దిగిపోయాయి, ఎవరో లోపల్నించి గుంజినట్టు. మళ్లీ పైకొచ్చాయి, మళ్లీ దిగాయి. మూడోసారికి మీసాలు కూడా మాయం. మా ఆవిడ తలుపు సందులోంచి చూసి "ఛీ" అని, వెళ్లకుండా అక్కడే నిలబడింది.

జువాలజీ_మాష్టారు | జులై 9, రాత్రి 9:58
అదే. కప్పకి నమిలే పళ్లు లేవు. కనుగుడ్లు నోటి పైకప్పు మీదుగా కిందికి దిగి ముద్దను గొంతులోకి తోస్తాయి. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, బోర్డు మీద బొమ్మ గీస్తే ఒక్కడికీ ఎక్కేది కాదు.

బైపీసీ_96 | జులై 9, రాత్రి 11:15
మాష్టారూ, గుంటూరులో ఇంటర్ చదివేటప్పుడు మేం కోసిన కప్పలు గుర్తొచ్చాయి. ఒకాయన గోనెసంచిలో తెచ్చి ల్యాబ్ అటెండర్‌కి లెక్కపెట్టి ఇచ్చేవాడు. క్లోరోఫాం పెట్టి, మైనం పళ్లెంలో వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగు కాళ్లకీ గుండుసూదులు. నా కప్ప గుండె పీరియడ్ అయిపోయాక కూడా కొట్టుకుంటూనే ఉంది. ఎగ్జామినర్ "వెరీ గుడ్ డిసెక్షన్" అన్నారు. ఆ రోజు మెస్‌లో అన్నం తినలేకపోయాను. ఇప్పుడు పిల్లలు కంప్యూటర్ మీద కోస్తున్నారట, మంచిదే.

తెనాలి_రైతు | జులై 10, ఉదయం 6:25
ఆ సంచీల్లో పోయినవి మా పొలాల్లోవే. బోదురు కప్పలు. ఇప్పటి పిల్లలు వాటి వేషం చూసి ఉండరు. మామూలుగా ఆకుపచ్చ, బురద కలిసిన రంగు. తొలకరి గట్టిగా పడిన రాత్రి నీళ్లు నిలిచిన మడిలో మగవి ఒక్కసారిగా నిమ్మపండు రంగులోకి మారిపోతాయి. గొంతుకి రెండు పక్కలా నీలం బుడగలు, గోళీకాయల్లాంటివి. టార్చిలైటు వేస్తే పెళ్లి పందిరిలో బల్బులు పెట్టినట్టు ఉంటుంది. అరుపులు ఊళ్లోకి వినిపించేవి. మా చిన్నప్పుడు రాత్రిళ్లు పెట్రోమాక్సు లైట్లు పట్టుకుని వీటిని పట్టేవాళ్లు వచ్చేవారు. కాళ్లు విదేశాలకి పోతాయని చెప్పేవారు, మేం నమ్మేవాళ్లం కాదు.

జువాలజీ_మాష్టారు | జులై 10, ఉదయం 7:10
నిజమే రైతు గారూ. ఒకప్పుడు మన దేశం నుంచి యూరప్‌కి, అమెరికాకి కప్ప కాళ్లు టన్నులకొద్దీ వెళ్లేవి. పంట పురుగుల్ని తినే కప్పల్ని అమ్ముకుని, ఆ పురుగులకి మందులు కొనుక్కోవడమేమిటని గొడవ లేచాక 1987లో ఎగుమతి ఆపేశారు. అలాగని బోదురు కప్పేమీ సాధువు కాదు. అండమాన్‌లో అది బయటి నుంచి చేరి తెగ పెరిగింది, దాని తోకకప్పలు అక్కడి మిగతా కప్పల పిల్లల్ని తినేస్తున్నాయి. ఊరు మారితే అదే ప్రాణి శత్రువవుతుంది. ఆస్ట్రేలియా వాళ్లు 1935లో చెరకు తోటల్లో పెంకుపురుగుల్ని తింటాయని హవాయి నుంచి పెద్ద గోదురు కప్పల్ని తెచ్చి వదిలారు. అవి పురుగుల జోలికి పెద్దగా పోలేదు. వాటిని తిన్న అక్కడి జంతువులు మాత్రం విషానికి చచ్చాయి. ఇప్పటికీ ఆ తలనొప్పి తీరలేదు.

నైట్‌షిఫ్ట్ | జులై 10, ఉదయం 7:47
డ్యూటీలో బోర్ కొట్టి ఇప్పుడే చదివాను, సూపర్ థ్రెడ్. నా వంతు ఒకటి. ఉత్తర అమెరికాలో అడవి కప్ప ఒకటుంది. చలికాలంలో ఆకుల కింద రాయిలా గడ్డకట్టుకుపోతుంది. గుండె ఆగిపోతుంది, ఊపిరి ఉండదు, టేబుల్ మీద వేస్తే టక్కుమంటుందట. వసంతం రాగానే కరిగి గెంతుకుంటూ పోతుంది.

గుంటూరు_ఘాటు | జులై 10, ఉదయం 8:05
వాట్సాప్ యూనివర్సిటీ. గుండె ఆగాక మళ్లీ లేచేది సీరియల్లో హీరోయిన్ ఒక్కతే.

జువాలజీ_మాష్టారు | జులై 10, ఉదయం 8:40
ఘాటు గారూ, ఈసారి ఆ కుర్రాడు చెప్పింది నిజం. కీలకమంతా చక్కెరలో ఉంది. చర్మానికి మంచు తగలగానే దాని కాలేయం నిల్వ ఉంచిన పిండిపదార్థాన్ని గ్లూకోజ్‌గా మార్చి రక్తంలోకి వదిలేస్తుంది. మనిషికి అంత షుగర్ ఉంటే కోమాలోకి పోతాడు. ఆ పాకం కణాల్లోపల నిండి అక్కడ నీరు గడ్డకట్టకుండా కాస్తుంది. మంచు కణాల మధ్య, పొట్ట ఖాళీల్లో మాత్రమే కడుతుంది. ఒంట్లో నీటిలో దాదాపు మూడింట రెండొంతులు మంచైపోయినా బతుకుతుంది. అలాస్కాలో ఉండేవి ఆరేడు నెలలు అలాగే ఉండి, మైనస్ 18 డిగ్రీల దాకా తట్టుకుంటాయి.

గుంటూరు_ఘాటు | జులై 10, ఉదయం 8:52
సరే ఒప్పుకున్నా. షుగర్ పెరిగితే బతికే పేషెంటు అదొక్కటే అన్నమాట. మరి మన గుంటూరు పేరు నిలబెట్టే ఘాటైన కప్ప ఏది?

నైట్‌షిఫ్ట్ | జులై 11, రాత్రి 1:20
దానికి కొలంబియా వెళ్లాలి. బంగారు రంగు విషకప్ప, ఐదు సెంటీమీటర్లు, అంటే మీ మిర్చి యార్డులో కాస్త పొడుగు కాయంత. ఒక్కదాని చర్మంలో ఉన్న విషం కొంతమంది మనుషుల్ని చంపడానికి సరిపోతుంది. అక్కడి ఎంబెరా తెగవాళ్లు ఊదుగొట్టంతో వేటాడే బాణాల మొనని దాని వీపుకి రుద్ది వాడేవాళ్లు. ఇందులో నాకు నచ్చిన ముక్క ఏంటంటే, ఆ విషం దాని సొంతం కాదు, అడవిలో తినే చిన్న పురుగుల్లోంచి వస్తుంది. పంజరంలో పుట్టి పెరిగినవాటికి విషమే ఉండదు.

మోడరేటర్ | జులై 11, ఉదయం 9:00
ఈ చర్చను 'ఇల్లు-వాకిలి' నుంచి 'జీవజాలం' విభాగానికి మార్చాను. ఒక్క విన్నపం. ఇది ఇప్పటికే కప్పల తక్కెడ అయింది, ఒకటి ఎక్కిస్తే రెండు గెంతుతున్నాయి. ఆసక్తిగానే ఉంది కానివ్వండి, రాజకీయాల్లోకి మాత్రం గెంతకండి.

అమరావతి_ఆలోచన | జులై 11, ఉదయం 10:30
అందరూ ఒక సత్యం మర్చిపోతున్నారు. చల్లటి నీళ్లలో కప్పని వేసి నెమ్మదిగా వేడి చేస్తే అది తెలుసుకోలేక అందులోనే ఉడికిపోతుంది. మన సమాజం కూడా

జువాలజీ_మాష్టారు | జులై 11, ఉదయం 10:44
ఉడకదండీ. నీళ్లు ఇబ్బందిగా వేడెక్కగానే దూకేస్తుంది. 1869లో గోల్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త చేసిన ప్రయోగంలో కదలకుండా ఉండిపోయింది మెదడు తీసేసిన కప్ప. మెదడున్నది బయటికి రావడానికి గింజుకుంది.

గుంటూరు_ఘాటు | జులై 11, ఉదయం 10:46
😂😂 మోడరేటర్ గారూ, ఇది రాజకీయాల కిందికి వస్తుందా?

పటమట_పద్మ | జులై 11, రాత్రి 9:15
మా ల్యాబ్ సంగతి ఒకటి చెప్తాను. ఇప్పుడు ప్రెగ్నెన్సీ టెస్టు అంటే స్ట్రిప్పు, రెండు గీతలు, ఐదు నిమిషాలు. 1930ల నుంచి చాలా ఏళ్లపాటు ఆ పని చేసింది దక్షిణాఫ్రికా కప్ప. ఆడకప్ప చర్మం కింద ఆ మహిళ మూత్రం ఎక్కిస్తారు. గర్భం ఉంటే ఆ హార్మోన్‌కి కప్ప మర్నాటికల్లా గుడ్లు పెట్టేస్తుంది. కప్పని చంపక్కర్లేదు, కొన్నాళ్లాగి మళ్లీ వాడొచ్చు. దానికి ముందు కుందేళ్లని కోసి చూసేవాళ్లు. ఈ ముక్క మా జూనియర్లకి చెప్తే నమ్మలేదు, "మేడమ్, మరి కప్పకే కడుపైతే?" అని అడిగాడొకడు.

పైన గాజుకప్పల గురించి ఎవరూ రాయలేదేం? మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో ఉంటాయి. పొట్ట కింద చర్మం గాజులా ఉండి గుండె, పేగులు కనిపిస్తాయి. 2022లో బయటపడిన సంగతి ఇంకా వింత. నిద్రపోయేటప్పుడు ఎర్ర రక్తకణాల్లో దాదాపు 89 శాతాన్ని కాలేయంలో దాచేసుకుంటుంది, ఒళ్లంతా ఆకు మీద నీటిబొట్టులా అయిపోతుంది. అన్ని కణాలు ఒకేచోట కుక్కినా రక్తం గడ్డకట్టదు! మేం పొద్దున్నుంచి సాయంత్రం దాకా గడ్డకట్టకుండా ట్యూబులు తిప్పుతూ ఉంటాం కాబట్టి నాకు ఇది మామూలు విషయంలా అనిపించలేదు.

కృష్ణలంక_కిట్టు | జులై 13, ఉదయం 6:40
అర్జెంటు. రాత్రి రెండింటికి ఎవరో టకటకా తలుపు కొట్టినట్టు చప్పుడైంది, డాబా మీద నుంచి. పొద్దున పైకెళ్లి చూస్తే నీళ్ల డ్రమ్ము లోపలి అంచుకి, నీళ్లకి జానెడు పైన, తెల్లటి నురగ ముద్ద. కోడిగుడ్డు తెల్లసొన గిలక్కొట్టి అతికించినట్టుంది. మా ఆవిడ నేను షేవింగ్ క్రీమ్ పడేశాననుకుని నన్ను తిట్టింది. గీజర్ వెనక కప్ప లేదు. కడిగేయమంటారా?

జువాలజీ_మాష్టారు | జులై 13, ఉదయం 6:48
కడగొద్దు!! అది గూడు. ఆడకప్ప తన ఒంట్లోంచి వచ్చే జిగురుని వెనక కాళ్లతో మజ్జిగ చిలికినట్టు చిలికి నురగ చేస్తుంది, గుడ్లు దాని మధ్యలో ఉంటాయి. పై పొర ఎండి గట్టిపడుతుంది, లోపల తడి నిలుస్తుంది. నీళ్లలో చేపలకి, తూనీగ పిల్లలకి అందకుండా గుడ్లని పైన కట్టింది. నాలుగైదు రోజుల్లో గుడ్లలోంచి పిల్లలు బయటపడి సరిగ్గా కిందున్న నీళ్లలోకి జారతాయి. డ్రమ్ము ఖాళీ చేశారా, అవి ప్లాస్టిక్ మీద పడతాయి. రాత్రి విన్న టకటక మగదాని పిలుపు.

పటమట_పద్మ | జులై 13, ఉదయం 8:10
కిట్టు గారూ, నిల్వ నీళ్లు, దోమలు, డెంగీ. మర్చిపోకండి. పైన సన్న దోమతెర కట్టండి, గూడుకి తగలకుండా. తోకకప్పలు దోమ పిల్లల్ని తినేస్తాయిలే అని ఊరుకోవద్దు, ఈ రకం ఎక్కువగా నాచే గీక్కుతింటాయి.

తెనాలి_రైతు | జులై 13, మధ్యాహ్నం 1:30
కప్ప ఇంటికొచ్చి గుడ్లు పెట్టిందంటే వాన ఖాయం. మా ఊళ్లో వాన వెనక్కిపోతే రోకలికి వేపమండలు కట్టి, మధ్యలో గుడ్డలో కప్పని కట్టి ఇంటింటికీ తిప్పేవారు, ఆడవాళ్లు బిందెతో నీళ్లు పోసేవారు. కప్పతల్లి అని మొక్కేవారు. నేనూ రోకలి మోశాను. ఆ కప్ప ప్రాణానికి ఎలా ఉండేదో అప్పుడు ఆలోచించలేదు. చివర్లో చెరువులో వదిలేసేవాళ్లం, అదొక్కటే నయం.

బైపీసీ_96 | జులై 13, రాత్రి 10:20
పిల్లల్ని కాపాడుకోవడంలో దీన్ని మించినవి ఏమున్నాయి మాష్టారూ?

జువాలజీ_మాష్టారు | జులై 14, ఉదయం 5:35
చాలా ఉన్నాయి. సురినామ్ కప్ప ఆడదాని వీపు మీదే గుడ్లు దిగబడి, చర్మం వాటిని కప్పేస్తుంది. కొన్ని నెలలకి వీపు చీల్చుకుని బుల్లి కప్పలు బయటికొస్తాయి. చిలీలో డార్విన్ కప్ప తండ్రి తోకకప్పల్ని తన గొంతుసంచిలో వేసుకుని పెంచుతాడు, కూత కూసే సంచే ఉయ్యాల. కామెరూన్‌లో గోలియత్ కప్ప, మూడు కిలోలు దాటుతుంది, వాగు ఒడ్డున గులకరాళ్లు పక్కకి నెట్టి పిల్లలకి మడుగు కడుతుంది.

కానీ నేను పాఠంలో లేకపోయినా ప్రతి బ్యాచ్‌కీ చెప్పింది ఒక్క కప్ప గురించే. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ కొండవాగుల్లో ఉండేది. 1973లో దానికి పేరు పెట్టారు. తర్వాత తొట్టిలో పెంచుతుంటే ఒక తల్లి నోట్లోంచి పిల్లకప్పలు బయటికి రావడం చూశారు. గుడ్లు మింగేసి, కడుపులో, గర్భసంచిలో కాదు, తిండి అరిగే పొట్టలో పెంచుతోంది. అన్నం అరిగే చోట పిల్లలెలా అరగకుండా ఉన్నాయి? గుడ్ల చుట్టూ ఉన్న జిగురులోనూ, పిల్లల ఒంట్లోనూ పొట్టలో ఆమ్లాన్ని ఆపేసే పదార్థం ఉంది. ఆరేడు వారాలు తల్లి ఏమీ తినదు. పిల్లలు పెరిగి పొట్ట ఉబ్బి ఊపిరితిత్తులు నొక్కుకుపోతే చర్మంతోనే గాలి పీల్చుకునేది. ఆ కిటుకు పూర్తిగా దొరికితే మనిషి కడుపులో పుళ్లకి మందు తయారవుతుందని డాక్టర్లు ఆశపడ్డారు.

1981 తర్వాత అడవిలో అది కనిపించలేదు. తొట్టిలో ఉన్న చివరిది 1983లో పోయింది. దాని సోదరజాతి ఇంకొకటి 1984లో ఉత్తరాన దొరికింది, 1985 తర్వాత అదీ లేదు. 2013లో ఫ్రీజర్‌లో దాచిన కణాలతో పిండాలు తయారుచేశారు గానీ, కొన్ని రోజుల్లోనే ఆగిపోయాయి. ఏది చంపిందో ఖాయంగా తేలలేదు, అనుమానం చర్మానికి పట్టే ఒక బూజు మీద ఉంది. కప్పకి చర్మమే నీళ్లు తాగే నోరు, సగం ఊపిరితిత్తి. దానికి బూజు పడితే గుండె దాకా పోతుంది. ఈ బూజు వల్ల 501 ఉభయచర జాతులు తగ్గిపోయాయని, 90 జాతులు పూర్తిగా పోయినట్టేనని 2019లో లెక్క తేల్చారు.

పటమట_పద్మ | జులై 14, ఉదయం 7:20
మాష్టారూ, ఆ బూజు పాకడంలో మా ప్రెగ్నెన్సీ కప్పల చెయ్యి కూడా ఉందని ఎక్కడో చదివాను, నిజమేనా?

జువాలజీ_మాష్టారు | జులై 14, ఉదయం 7:45
వాటి మీద చాలాకాలం అనుమానం ఉంది. 2018లో జన్యువులు పోల్చి చూస్తే మూలం తూర్పు ఆసియా వైపు తేలింది. దేశాల మధ్య కప్పల వ్యాపారమే దాన్ని మోసుకెళ్లింది, ఎవరి సంచిలో ఎంత వెళ్లిందన్నది వేరే లెక్క.

నైట్‌షిఫ్ట్ | జులై 15, రాత్రి 3:05
పొట్టలో పిల్లల సంగతి చదివాక పని మీద ధ్యాస పోయింది. పదేళ్లు కూడా కనిపించలేదు పాపం.

కృష్ణలంక_కిట్టు | జులై 17, ఉదయం 7:02
రాత్రి పదకొండుకి వాన మొదలైంది. గొడుగేసుకుని, టార్చి పట్టుకుని ఇద్దరం డాబా ఎక్కాం. నురగ కింది భాగం మెత్తబడి కారుతోంది. అందులోంచి ఒకటి, నువ్వుగింజకి తోక పెట్టినట్టు, వేలాడి, ఊగి, టప్. తర్వాత రెండు కలిసి. మా ఆవిడ పదకొండు దాకా లెక్కపెట్టింది, తర్వాత గుంపుగా జారేసరికి లెక్క తప్పింది. ఒక్కటి మాత్రం డ్రమ్ము గోడకి అతుక్కుపోయింది, దాన్ని తనే చిటికెన వేలితో నీళ్లలోకి తోసింది. వారం క్రితం ఛీ అన్న మనిషి.

గుంటూరు_ఘాటు | జులై 17, ఉదయం 7:15
వదినకి నా నమస్కారం చెప్పు అన్నా.

పటమట_పద్మ | జులై 17, ఉదయం 7:40
తిండికి ఉడికించిన పాలకూర చిన్న ముక్క వేయండి, ఎక్కువైతే నీళ్లు కంపు కొడతాయి. కుళాయి నీళ్లు నేరుగా పోయకండి, క్లోరిన్ ఉంటుంది, ఒకరోజు బక్కెట్లో ఉంచి పోయండి.

కృష్ణలంక_కిట్టు | జులై 18, రాత్రి 9:50
పాలకూర వేశాం, మీద పడి తింటున్నాయి. కాళ్లొచ్చి బయటికి గెంతడానికి రెండు నెలలు పడుతుందని మాష్టారు ఫోన్లో చెప్పారు, అందుకని ఇవాళ వాడకానికి ఇంకో డ్రమ్ము కొన్నాను. షాపువాడు "పాతది లీకా సార్" అంటే అవునన్నాను, కప్పలకిచ్చానని ఎలా చెప్పను. ఇంకో సంగతి, గీజర్ వెనకది తిరిగొచ్చేసింది. పక్కన ఇంకొకటి ఉంది, కాస్త చిన్నది. స్నానానికి ముందు ఎవరెళ్లి చూడాలన్న గొడవ ఇంట్లో ఇప్పుడు లేదు, నన్ను లోపలికి పంపకుండా ఆవిడే వెళ్తోంది.